మంగఫ్ బస్సులో ఢావ్లో

సిద్ధమ్మ పడిపోయినప్పుడు మేం పన్నెండుమందిమి అక్కడే ఉన్నాం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే మీలో ఎవరో ఒకరు మధ్యలో లేచి, "మరి మీరేం చేశారమ్మా?" అని అడుగుతారు. ఏమీ చేయలేదు. తడి చీపుళ్ళు పట్టుకుని చూస్తూ నిలబడ్డాం.

జూలై నెల. కువైట్‌లో షర్క్ అనే పేట, అద్దాల మేడ, దాని ముందు రాతిపలకల ఆవరణ. వేసవిలో పగలు పదకొండు నుంచి నాలుగు దాకా బయట ఎవరిచేతా పని చేయించకూడదని ఆ దేశంలో నిబంధన ఉంది. ఆ నిబంధన కాగితం మంగఫ్‌లో మా గది గోడకే అంటించి ఉంది, నాలుగు భాషల్లో. చదువుకోవడానికి అడ్డేమీ లేదు. కానీ పన్నెండింటికి ఎవరో పెద్దమనిషి అక్కడ కారు దిగుతాడట. అందుకని పదకొండున్నరకు మేం ఆ రాళ్ళు కడుగుతున్నాం. కాళ్ళకు రబ్బరు బూట్లున్నా అరికాళ్ళు కాలుతున్నాయి. సిద్ధమ్మ బకెట్ కింద పెట్టి, పొద్దు వైపు ఒకసారి చూసి, అలాగే ముందుకు పడిపోయింది.

గమ్లీబాయి పరుగెత్తింది. మా అందరిలోకీ పెద్దది, యాభై దాటిన మనిషి. సిద్ధమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, "ఫోను! ఎవురన్నా ఫోను జేయండి!" అని అరిచింది. ఎవరం చేస్తాం? డ్యూటీలో ఉండగా మా ఫోన్లన్నీ సూపర్‌వైజర్ గంగాధర్ సంచిలో ఉంటాయి.

గంగాధర్ వచ్చాడు. మా కడప వైపువాడే. అతను నీళ్ళు చల్లమనలేదు. అటూ ఇటూ చూసి, గడియారం చూసుకున్నాడు.

"ఈడ్నించి అంబులెన్సును పిలిస్తే టైమడుగుతారు. ఆ టైములో బయటేంటికి ఉండారు అంటారు. కంపెనీ మునుగుతాది, మీరూ మునుగుతారు. రూముకు తీస్కపోదాం. యల్లా, బస్సెక్కించండి."

ఎక్కించాం. బస్సు నడిపేది మహబూబ్ బాషా, రాయచోటి మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఆ రోడ్ల మీదే ఉన్నాడు. షర్క్ నుంచి మంగఫ్‌కు ముప్పావుగంట. దారిలో పెద్దాసుపత్రి ఉంది. అది దగ్గర పడేసరికి బాషా బ్రేకు మీద కాలు పెట్టాడు.

"సార్, ఈడ ఆపేదా?"

"నడుప్పా నువ్వు. నీ ఇఖామా నీకొద్దా?"

ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, అది పోతే ఇంటికే. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఆసుపత్రి గేటు నా పక్కనుంచే వెనక్కి పోయింది. తెరిచే ఉంది. అప్పటికి సిద్ధమ్మ బతికే ఉంది. "యాడీ, పాణీ" అంది, అమ్మా నీళ్ళు అని. ఆమె అన్న చివరి మాట అదే, మా భాషలోనే. గమ్లీబాయి తన సీసాలోవి తాగించబోతే పెదవి పక్కనుంచి కారిపోయాయి.

మంగఫ్ గదికి చేర్చాక తడి యూనిఫాం విప్పించారు. పొడి నైటీ తొడిగించి, పరుపు మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పారు. అప్పుడు చేశాడు గంగాధర్ ఫోను. అంబులెన్సు వాళ్ళు ఎనిమిది నిమిషాల్లో వచ్చారు. నాడి చూసి, తల అడ్డంగా ఊపి, దుప్పటి ముఖం మీదికి లాగారు.

ఇంతవరకూ కంపెనీ తప్పు. ఇక్కణ్ణించి నాది.

మేం సుగాలీలం. మీరు లంబాడీలంటారు. మాలో మేం గోర్ అనుకుంటాం. మా భాష గోర్‌బోలి. దానికి లిపి లేదు, బడి లేదు. మా తాండా రాయచోటికి పద్నాలుగు కిలోమీటర్లు. మొదటి తరగతిలో నేను ఒంటేలుకు వెళ్తానని నా భాషలో అడిగితే పిల్లలంతా పడీపడీ నవ్వారు, సారూ నవ్వాడు. ఆ రోజు నుంచి ఆ భాషను ఇంటి గడప దగ్గరే వదిలిపెట్టాను. హాస్టల్లో ఎవరైనా అడిగితే మేం తెలుగోళ్ళమే అన్నాను. ఇంటర్ చదివాను, నా తెలుగుకు గంగాధర్ మురిసిపోయి నన్ను జట్టు లీడర్ని చేశాడు. "మీ పిట్టల బాస నాకినపడకూడదు. అరబీ నేర్చుకోండి, లేకుంటే హిందీ, లేకుంటే తెలుగు. అర్థంగాని బాసలో ఏం గూడుపుఠానీ జేస్తారో నాకేం తెలుసు?" అని ఆయన జట్టుకు నిబంధన పెడితే, దాన్ని అమలు చేసింది నేనే. గమ్లీబాయి నోరు తెరిస్తే చాలు "తెలుగులో మాట్లాడత్తా" అని కసిరేదాన్ని.

సిద్ధమ్మ పోయిన మర్నాడు గంగాధరూ, కంపెనీ కాగితాల పని చూసే ఉద్యోగీ, మందూబ్ అంటారు, ఇద్దరూ మా గదికి వచ్చారు. పన్నెండు కాగితాలు తెచ్చారు. ఒక పక్క అరబీ, ఒక పక్క ఇంగ్లీషు. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. చదివాను. ఆమె పొద్దున్నే ఒంట్లో బాగాలేదందనీ, పనికి రాలేదనీ, గదిలో నిద్రలోనే పోయిందనీ రాసి ఉంది.

"సార్, ఇది..." అన్నాను.

"వెంకటేశ్వరీ, శవం ఊరికి బోవల్నా వద్దా? దీనిమీద సంతకాలు గాకుంటే నెల దినాలు ఐసుపెట్టిలో ఉంటాది. వాల్లమ్మ అక్కడ కండ్లు కాయలు గాసేటట్టు ఎదురుజూస్తాంది. నీ జట్టోల్లకు నువ్వు చెప్పు. వాల్ల బాసలోనే చెప్పు, ఈ పొద్దుకు నేనేమీ అనుకోను."

చెప్పాను. చదువు లేని మనుషులు నా నోటి వైపు చూస్తున్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత నలుగురి ముందు నేను గోర్‌బోలీలో మాట్లాడింది ఆ రోజే. "ఇది శవాన్ని పంపే కాగితం, పెట్టండి" అని అబద్ధం చెప్పడానికి మాట్లాడాను. నా నోట మా మాట విని వాళ్ళు ఎంత నమ్మారంటే, ఒక్కరూ ఇంకో ప్రశ్న వేయలేదు. వేలిముద్రలు వేశారు. గమ్లీబాయి మాత్రం నన్ను ఎగాదిగా చూసింది. వేసింది ఆమె కూడా.

మాలో మనిషి పోతే ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. దాన్ని ఢావ్లో అంటాం. పెళ్ళికూతురు తాండా దాటేటప్పుడూ పాడతారు, ఏళ్ళ తర్వాత అక్కచెల్లెళ్ళు కలిసినప్పుడూ పాడతారు. అది కట్టిన పాట కాదు. ఒకరు ఎత్తుకుంటారు, తక్కినవాళ్ళు అందుకుంటారు. పోయిన మనిషి ఎట్లా బతికింది, ఎట్లా పోయింది అన్నీ అందులో చెప్తారు. పాడే మనిషి పోయిన మనిషికి తాను చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. మా తాండాలో దానికి ఒకటే కట్టుబాటు, ఢావ్లోలో అబద్ధం చెప్పకూడదు. శవపేటిక బయల్దేరే రోజు మార్చురీ వాకిట్లో గమ్లీబాయి గొంతెత్తబోతే గంగాధర్ అడ్డం వచ్చాడు. "ఇది కువైట్. ఈడ ఏడుపులు నడవ్వు, ఖలాస్" అన్నాడు. సిద్ధమ్మ ఢావ్లో లేకుండానే విమానం ఎక్కింది. మా తాండాకు తెలిసి అలా పోయిన మనిషి ఇంకొకరు లేరు.

శవపేటిక వెళ్ళిన ఆరో రోజు శుక్రవారం, సెలవు. మధ్యాహ్నం మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాం. గమ్లీబాయి ఫోనుకు తాండా నుంచి వాట్సాప్‌లో ఒక గొంతు వచ్చింది. సిద్ధమ్మ తల్లి. వెనక తాండా ఆడవాళ్ళంతా. పదకొండు నిమిషాల ఢావ్లో.

పాటలోవన్నీ పాత మాటలు, నాకు సగం అర్థం కాలేదు. నా పక్కనున్న పిల్లలకు అదీ కాలేదు. గమ్లీబాయి ఒక్కో చరణం ఆపి తెలుగులో చెప్పింది:

నిద్రలోనే పోయినావంట సిద్ధీ,
మెత్తని పరుపు మీద పోయినావంట.
మన తాండాలో ఏ ఆడదానికి దక్కిందే అంత మెత్తని చావు!
నీకు పరుపిచ్చిన దొరలు చల్లగుండాల.
నీ పక్కనున్న అక్కలు చల్లగుండాల.

బట్టలు చేతిలోనే ఉండిపోయాయి. నేను గోడకు ఆనుకుని కూలబడ్డాను. నేను వేలిముద్రలు వేయించిన అబద్ధం కడుపు కాలిన తల్లి నోట పాటై, మా భాషలోనే తిరిగి వచ్చింది. మమ్మల్ని చల్లగా ఉండమని దీవించింది.

"అత్తా, ఆ కాగితంలో ఏముందో నాకు ఆ పొద్దే తెలుసు" అన్నాను. గోర్‌బోలీలోనే అన్నాను. తప్పులతో అన్నాను.

కొడుతుందనుకున్నాను. ఎవరో నిజంగానే చేయెత్తారు కూడా. గమ్లీబాయి ఆపింది.

"దాన్ని గొడితే సిద్ధి లేసొస్తాదా? మనమూ కండ్లుండి ఏసినాం గదా ముద్దర్లు. అది పండుకున్న చోట పోలేదని మనకు తెలీదా? ఢావ్లో ఇన్నోల్లు దానికి మారు పాడకుండా ఉండగూడదు. తల్లి తెలీక అబద్దం పాడింది. మనం నిజం పాడాల. మనిషి పడిన చోటే కూసోని పాడాల."

"ఎవరు పాడేది? నీకొక్కదానికే గదా వచ్చేది?" అన్నాను.

"ఒక్క గొంతుతో ఢావ్లో ఎట్లయితాది? అందుకునేదానికి మనుసులు గావల్ల. మీకు నేర్పిస్తా."

నేర్పడానికి ఆమెకు నెలన్నరే ఉంది. సెప్టెంబరులో ఆమె ఇఖామా తీరిపోతుంది. వయసు మీద పడిందని కంపెనీ ఇక రాయించనంది. ఆమె వెళ్ళిపోతే ఆ రాగం తెలిసిన గొంతు మా జట్టులో ఉండదు. సిద్ధమ్మ పరుపు మీదే పోయినట్టు లెక్క.

ఎక్కడ నేర్చుకుంటాం? గదుల్లో వార్డెను, పనిలో గంగాధర్. మిగిలింది బస్సే. పోను ముప్పావుగంట, రాను ముప్పావుగంట. గంగాధర్ బస్సెక్కింది ఆ ఒక్కరోజే, మామూలుగా తన కారులో వస్తాడు. బస్సులో మేమూ, బాషా. మొదటి రోజు గమ్లీబాయి సన్నగా రాగం తీయగానే బాషా అద్దంలోంచి చూశాడు. మేం నోళ్ళు మూసుకున్నాం. ఆయన రేడియో పెద్దగా పెట్టాడు, బయటికి వినిపించకుండా. ఆసుపత్రి గేటు వచ్చినప్పుడు మాత్రం రోజూ రేడియో ఆపేసేవాడు.

ఢావ్లో నేర్చుకోవడమంటే ఏదో పాట బట్టీ పట్టడం అనుకున్నాను. కాదు. ఎవరి చరణం వాళ్ళే కట్టుకోవాలి. కట్టుకోవాలంటే మాటలు కావాలి. మాకు మాటలే లేవు! నీడకు ఏమంటారు, గేటుకు ఏమంటారు, సిగ్గుకు ఏమంటారు? ఇరవై ఆరేళ్ళ మనిషిని, తల్లి భాషలో మూడేళ్ళ పిల్లలా తడుముకున్నాను. గమ్లీబాయి ఒక్కో మాటా అందిస్తుంటే కొన్ని ఎక్కడో విన్నట్టుండేవి, మా అవ్వ వాసన వచ్చేది. ఏడుపొచ్చేది. కోపమూ వచ్చేది. ఇదంతా నా దగ్గరే ఉండేది, నా చేత్తోనే పారేసుకున్నాను.

మేం తుడిచే మేడలో మూడో అంతస్తున ఒక భాషల శిక్షణాలయం ఉంది. అందులో టీ ఇచ్చేదీ, పుస్తకాల బీరువాలు సర్దేదీ అఫ్రోజ్ అని హైదరాబాదు ఆవిడ. డిగ్రీ చదివి టీ కప్పులు కడుగుతోంది. బీరువాలో ఉన్నది ఏదీ చదవకుండా వదలదు. ఒకరోజు ఆమెను అడిగాను, "అక్కా, చచ్చిపోయిన భాష మళ్ళీ బతుకుతుందా?" అని.

ఆమె తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"యిడ్డిష్ అని ఒక జబాన్ ఉన్నది, విన్నవా? యూదులది. ఈడ గా పేరు గట్టిగ తీయకు, అందరికీ రాజ్యాల లడాయే యాదికొస్తది. లడాయి వేరే, ఈ ముచ్చట వేరే. ఇది కూలోళ్ళ జబాన్. దర్జీలు, చెప్పులు కుట్టెటోళ్ళు, బండ్లు తోలెటోళ్ళు మాట్లాడేది. దానికి ఎన్నడూ ఒక దేశం లేకుండె. హిట్లరొచ్చి ఆ జబాన్ మాట్లాడెటోళ్ళను లక్షలకు లక్షలు సంపిండు. మిగిలినోళ్ళకు తర్వాత ఒక రాజ్యం వస్తే, ఆ రాజ్యమే దీన్ని వంటింటి మాటలని ఈసడించింది. తల్లులే సిగ్గుపడి పిల్లలకు నేర్పుడు బంద్ జేసిండ్రు."

"పోయిందా మరి?"

"పోలే. దేవుని తొవ్వను గట్టిగ పట్టుకున్నోళ్ళ ఇండ్లల్ల గా జబాన్ ఎన్నడూ ఆగలే. ఇగ సిగ్గుపడ్డోళ్ళ మనవరాండ్లు ఇప్పుడు కాగితాలు, పాటలు ముందలేసుకుని నేర్చుకుంటున్నరు. ఇంకో ముచ్చట చెప్త విను. నూరేండ్ల కిందట అమెరికాల రవికెలు కుట్టే ఆడపిల్లలు, పొట్ట చేతపట్టుకుని పోయినోళ్ళు, అచ్చం నీ లెక్క. వాళ్ళు సమ్మెకు దిగేటప్పుడు పెద్ద మీటింగు పెట్టిండ్రు. పెద్దమనుషులంతా గంటలకు గంటలు మాట్లాడిండ్రట. ఒక పోరి లేచి, ఇగ మాటలు చాలు, సమ్మె చేద్దాం అన్నది. యిడ్డిష్‌లనే అన్నది. అందరూ చేతులెత్తి అదే జబాన్‌ల ఒట్టేసిండ్రు. వేలమంది!"

నేను తుడిచే గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వేలమంది. మేం పన్నెండుమందిమి.

ఆ సాయంత్రం బస్సులో ఆ కథ గమ్లీబాయికి చెప్పాను. ఆమె నా వైపు తిరిగి కూర్చుంది.

"వాల్లకూ తాండాలుండేనా?"

"ఉండేవంట. అన్నీ తగలబెట్టేశారంట."

"వాల్ల బాసలో ఏడుపులుండాయా?"

"ఉండకుండా ఉంటాయా అత్తా?"

"అట్లయితే పోదులే ఆ బాస" అంది.

ఆగస్టు మూడో వారం. పాట కుదిరింది. ఇక ఎప్పుడు, ఎట్లా అన్నదే తేలాలి. బస్సులోనే వాదులాట.

"రికార్డు జేసి తాండాకు పంపిస్తే సాలు గదా? పడిన చోటికే పోవాల్నా? ఆడ కెమెరాలుండాయి" అంది ఒకామె.

"నాకిద్దరు ఆడపిల్లోల్లు. పాస్‌పోర్టు మీద సఫర్ ముద్ర కొట్టి ఇంటికి తోలితే వాల్ల నోట్లో మన్ను బెట్టాల్నా?" అని ఇంకొకామె.

"పాడితే ఏమొస్తాది? సిద్ధి లేసొస్తాదా? కంపెనీని ఎవురేం జేసినారు ఇంతవరకు?"

ఏదో పుస్తకంలోలాగా నేను లేచి ఉపన్యాసమిచ్చానని రాసుకోకండి. గమ్లీబాయే అంది.

"ఏమీ రాదు. మనల్ని పంపించేస్తారు. అది కరారు. నేనెట్లా పొయ్యేదాన్నే, మీకు చెప్పే మొగం నాకు లేదు. కానీ నిన్న పదకొండు గంటలకు మనల్ని మల్లా ఆ రాల్ల మీదికే తోలినారు. ఈ తూరి పడేదెవురు? పడినదాన్ని మల్లా ఈ బస్సులోనే ఏస్కోని పోతాం. మల్లా ముద్దర్లేస్తాం. దాని తల్లి మల్లా మనల్ని సల్లగుండమంటాది. ఆ దీవెన నేను ఇంగోసారి ఇనలేను."

ఆసుపత్రి గేటు వచ్చింది. బాషా రేడియో ఆపాడు. నేను చేయెత్తాను. ఎందుకెత్తానో అందరికీ తెలుసు, అమెరికాలో రవికెలు కుట్టిన పిల్లల కథ అప్పటికి అందరూ విన్నారు. ఒక్కొక్కరే ఎత్తారు. ఆడపిల్లల తల్లి అందరికంటే చివర, ఏడుస్తూ ఎత్తింది.

మర్నాడు పదకొండున్నర. ఆవరణలోకి నీళ్ళ గొట్టాలతో వెళ్ళాం. గొట్టాలు కింద పడేశాం. సిద్ధమ్మ పడిన పలక మాకు తెలుసు, ఒక మూల విరిగి ఉంటుంది. దాని చుట్టూ కూర్చున్నాం. రాయి పెనంలా కాలుతోంది. యూనిఫాం స్కార్ఫులు ముఖాల మీదికి లాక్కుని ఒకరి మెడ ఒకరు పట్టుకున్నాం. గమ్లీబాయి ఎత్తుకుంది:

సిద్ధీ, నువ్వు పరుపు మీద పోలేదే, రాతి మీద పడినావే.
పొద్దు నెత్తిన నిలబడి చూసిందే.

మేం అందుకున్నాం. పన్నెండు గొంతులు అద్దాలకు కొట్టుకుని పైకి లేచాయి. ఒక్కొక్కరం తప్పు చెప్పుకున్నాం. నీడ రెండడుగుల్లో ఉన్నా నిన్ను జరపలేదే అని ఒకామె. నీ తడిబట్టలు విప్పింది నేనే అని ఒకామె. గేటు తెరిచే ఉందే, నేను కిటికీ పక్కనే కూర్చున్నానే, ఆ కాగితం చదివీ చెప్పలేదే అని నేను. నా గొంతు పగిలిపోయింది. అయినా ఒక్క మాట కూడా తడుముకోలేదు.

గంగాధర్ పరుగెత్తుకొచ్చాడు. "లేయండి! మీకేమన్నా పిచ్చి బట్టిందా? ఒసే వెంకటేశ్వరీ, లేపు వీల్లను!" ఎవరూ కదల్లేదు. మేడలోంచి జనం దిగారు. ఫిలిపినో పిల్లలు, ఈజిప్టు గుమాస్తాలు, తెల్ల దుస్తుల కువైటీలు. ఫోన్లు పైకి లేచాయి. ఒక పెద్దాయన అరబీలో ఏదో అడిగాడు. గంగాధర్‌కు అరబీ అంతంత మాత్రం. అటుగా వచ్చిన బాషాను రెక్క పట్టి లాగాడు.

"బాషా, వీల్లు పూజ జేసుకుంటాండారని చెప్పు. వాల్ల పండగని చెప్పు."

బాషా టోపీ తీశాడు. రోజూ మా వెనకే ఉండి విన్న మనిషి. ఒక్కో మాటా తూచినట్టు అరబీలో చెప్పాడు. ఆ తర్వాత మా కోసం తెలుగులో మళ్ళీ చెప్పాడు.

"పోయిన నెల ఇదే టైముకు, ఇదే రాయి మీద వీళ్ళ మనిషి పడింది. బతికే ఉన్నింది. ఆస్పత్రి దాటించి రూముకు తీస్కపోమన్నారు. బస్సు నడిపింది నేనే. నా కాలు బ్రేకు మీదనే ఉన్నింది. నేను ఆపలేదు. ఇది పండగ కాదు సామీ. వీళ్ళు తప్పు చెప్పుకుంటాండారు. నాది గూడా రాసుకోండి."

అడిగిన పెద్దాయన గంగాధర్ వైపు చూశాడు, గడియారం చూశాడు, మెల్లగా లోపలికి వెళ్ళిపోయాడు. ఫోను చేయడానికే వెళ్ళాడని మేం ఆశపడ్డాం. ఎవరికి చేశాడో తెలియదు. పోలీసులు మాత్రం ఇరవై నిమిషాల్లో వచ్చారు. అనుమతి లేకుండా గుమిగూడినందుకు మమ్మల్ని వ్యానెక్కించారు. వ్యానులోనూ పాడాం. పాట పూర్తికాలేదు మరి, ఇంకా ముగ్గురి తప్పులు మిగిలి ఉన్నాయి.

తొమ్మిది రోజులు లోపల ఉంచి పంపించేశారు. మళ్ళీ ఆ దేశంలో అడుగుపెట్టకుండా వేలిముద్రలు తీసుకున్నారు. మా వేళ్ళకు ఆ దేశంలో అది రెండో పని. బాషాను వేరే చోటికి తీసుకెళ్ళారు. ఆయన ఇంటివాళ్ళు రాయచోటిలో నెల రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాక, జైల్లో ఉన్నాడని మాత్రం తెలిసింది. కాగితంలో సిద్ధమ్మ ఈరోజుకీ నిద్రలోనే పోయింది. మేం ఇక్కడ ఎన్ని అర్జీలు పెట్టినా, మీ సంతకాలే ఉన్నాయి కదమ్మా అంటున్నారు. గంగాధర్ ఇంకో జట్టు మీద సూపర్‌వైజర్‌గా ఉన్నాడు. ఆ ఆడపిల్లల తల్లి ఇప్పుడు ఇటుకబట్టీలో పని చేస్తోంది. ఇదిగో, మూడో వరసలో కూర్చుంది. గెలిచామని మీకు చెప్పడానికి నేను రాలేదు. ఒక్క మనిషిని బతికించలేకపోయాం.

తాండాకు వెళ్ళిన రోజు సిద్ధమ్మ తల్లి ఎదురొచ్చింది. మా పాట అప్పటికే ఫోన్లలో తాండాకు చేరింది. ఆమె మమ్మల్ని తిట్టలేదు. గమ్లీబాయి మెడ పట్టుకుని ఢావ్లో ఎత్తుకుంది. రాతి మీద పడినావా సిద్ధీ అని, పాత పాటను మొదటినుంచీ దిద్దుకుంటూ పాడింది. దీవెన వెనక్కి తీసుకుంది. నేను అందుకున్నాను. ఆ తర్వాత నుంచి ఆదివారాలు తాండా పిల్లలకు గోర్‌బోలీ నేర్పుతున్నాం. గమ్లీబాయి మాట చెప్తుంది, నేను తెలుగు అక్షరాల్లో రాసుకుంటాను.

కాలేజీ పిల్లలూ, గ్రానైటు కూలీలూ, అక్కలూ, ఇంతవరకూ చెప్పింది పోయిన ఏడాది సంగతి. ఈరోజు ఈ సభకు మిమ్మల్ని పిలిచింది ఇందుకు కాదు. నిన్న మధ్యాహ్నం నా ఫోనుకు ఒక గొంతు వచ్చింది. ఎవరో పంపితే ఎవరో పంపితే చేరింది. వెనక బస్సు ఇంజను చప్పుడు. ఒక ఆడమనిషి మా రాగంలో పాడుతోంది. కువైట్‌లోనే అహ్మదిలో, గోడౌన్ బయట, పన్నెండుంపావుకు, ఫలానా మనిషి పడిపోయిందని చెప్తోంది. కాగితాలు రాకముందే చెప్పేస్తోంది. పేరు చెప్పింది, వేళ చెప్పింది, తన తప్పు కూడా చెప్పుకుంది. ఆమె మా తాండా మనిషి కాదు. ఆమెకు మేం నేర్పలేదు. వెనక అందుకుంటున్న గొంతుల్లో మా భాష కొందరిదే. కడప తెలుగు వినిపిస్తోంది, హిందీ వినిపిస్తోంది, నాకు తెలియని ఇంకేదో భాష కూడా ఉంది.

ఆమె ఎవరో, ఇప్పుడు ఏ పోలీసు వ్యానులో ఉందో నాకు తెలియదు. ఇక్కణ్ణించి ఆమెను విడిపించే దారి నాకు కనపడటం లేదు. కానీ ఢావ్లోకు మారు పాడకుండా ఉండకూడదు. ఫోను మైకు దగ్గర పెడుతున్నాను. వినండి. అయిపోగానే లేవండి. మీకు రాకపోతే నా వెనకే అనండి.